చుక్కకు ముందు, గీతకు తర్వాత

సోమవారం పొద్దున ఆఫీసు ఫోను మోగేసరికి సైకాల్ గుమ్మం దగ్గర బూట్లకంటిన మంచుబురద దులుపుకుంటోంది. ఫోను ఎత్తాల్సిన అమ్మాయి ఇంకా రాలేదు. మోగి మోగి ఆగి, మళ్ళీ మోగడం మొదలెట్టాక సైకాలే వెళ్ళి ఎత్తింది.

“జైలోవెట్. చెప్పండి.”

“పశువుల మందుల కంపెనీయేనా?” అవతల ఓ పెద్దావిడ గొంతు, వెనకాల గాలి హోరు. “అత్‌బాషీ నుంచి మాట్లాడుతున్నా. నా పేరు జూరకాన్. మీ దగ్గర ముసలి డాక్టరుగారొకరు ఉండేవారు. మన కిర్గిజ్‌లో రాసేవారు, అర్థమయ్యేట్టు. ఆయన పోయారా?”

“అయ్యో, అదేం మాట ఎజే!” అంది సైకాల్, పెద్దక్కని పిలిచినట్టు. “నిక్షేపంలా ఉన్నారు. పక్కగదిలో టీ తాగుతున్నారు.”

“మరి రాయడం ఎందుకు మానేశారు?”

“మానలేదు ఎజే. మొన్న శుక్రవారం కూడా ఒక పేజీ పెట్టాను, నా చేత్తోనే.”



“నాకు కనబడలేదమ్మా,” అంది జూరకాన్. “పుట్టినప్పుడు బాగానే ఉన్నాయి గొర్రెపిల్లలు. వారం తిరిగేసరికి కాళ్ళు కర్రల్లా బిగుసుకుపోయి లేవడం మానేశాయి. ఫోనులో వెతికాను. ఎవడో చలి తగిలింది, ఫలానా సూది వెయ్యమని రాశాడు. వేశాను. పదకొండు పోయాయి. ఆఖరికి కొండ అవతలినుంచి మా తోడికోడలి అన్న వచ్చి చూసి, ఇది చలి కాదు, మేతలో సత్తువ లేక కండ చచ్చిపోతోందన్నాడు. మిగిలినవి లేచాయిలే. మందు కోసం ఫోను చెయ్యలేదు నేను. డాక్టరుగారు ఉన్నారో లేదో కనుక్కుందామని చేశాను.”

ఫోను పెట్టేశాక సైకాల్ కోటు కూడా విప్పలేదు. ఆ జబ్బు మీద తమ సైటులో పేజీ ఉంది. ‘గొర్రెపిల్ల లేవకపోతే’ అని పేరు కూడా తనే పెట్టింది. సెలీనియం సూది ఎంత బరువుకి ఎంత, ఎక్కువైతే అదే ఎలా ప్రాణం తీస్తుంది, అన్నీ వరసగా ఉన్నాయి అందులో. తన ఫోను తీసి, జూరకాన్ అన్న మాటల్నే అన్నట్టుగా కొట్టి వెతికింది. మొదటి తెరలో లేదు. రెండో తెరలో చలి సూది వెయ్యమన్న మహానుభావుడు ఉన్నాడు. కిందికి తోసుకుంటూ పోతే ఆరో తెరలో, ఎవరో గొర్రెతోలు కోట్లమ్మే ప్రకటన కింద, ఆఫీసులో అందరూ తాతగా పిలుచుకునే డాక్టరు ఒమురాలీ ఆతా పేజీ కనబడింది.

ఆరో తెర దాకా ఎవరు దిగుతారు? మందలో పిల్లలు చచ్చిపోతున్న మనిషి అసలే దిగదు.

పదిగంటలకి యజమాని తాలాయ్‌బెక్ అందర్నీ కూచోబెట్టాడు. మనిషి దిట్టం, మాట తొందర. బల్లమీద ఎండు పెరుగు ఉండల గిన్నె ఒకటి ఎప్పుడూ ఉంటుంది. కోపమొస్తే ఒకటి, సంతోషమొస్తే రెండు నోట్లో వేసుకుంటాడు. ఇవాళ ఒకటి వేసుకున్నాడు.

“నవంబరు ముందు కెంగెష్‌కి, అదే మన సలహాల పేజీలకి, రోజుకి తొమ్మిదివందల మంది వచ్చేవారు. ఇప్పుడు ముప్ఫై. కిర్గిజ్‌లో చదివేవాళ్ళు కరువైపోయారు. జనం వీడియోలకి అలవాటు పడ్డారు. నూరూజ్ పండగ వెళ్ళగానే ఆ సలహాల పేజీలు మూసేద్దాం. ఒమురాలీ ఆతాని పిలిచి, భుజాన మంచి చాపాన్ అంగీ కప్పి, గౌరవంగా సాగనంపుదాం.”

పక్కగదిలోంచి ఒమురాలీ ఆతా దగ్గు వినిపించింది. ఆయన్ని ఈ సమావేశానికి ఎవరూ పిలవలేదు.

“చదివేవాళ్ళు తగ్గలేదు బైకే,” అంది సైకాల్, యజమానిని అన్నగారన్నట్టు పిలుస్తూ. “మనమే దాచేశాం.”

కంప్యూటర్ల పెద్ద వదీమ్ నవ్వాడు. బిష్కెక్‌లోనే పుట్టి పెరిగినవాడు, సైటు మొత్తం అతని చేతిలో ఉంటుంది. “దాచామా? ఎక్కడ, బీరువాలోనా?”

“చుక్కకు ముందు.” సైకాల్ లేచి వెళ్ళి గోడబోర్డు మీద రెండు వరసలు రాసింది. “నవంబరు దాకా మన చిరునామా ఇది. జైలోవెట్, తర్వాత ఏటవాలు గీత, గీత తర్వాత కెంగెష్. అంటే సైటు లోపలి ఫోల్డరు. సైటులో కొత్త ఆన్‌లైన్ దుకాణం కట్టినప్పుడు దాన్ని ఇలా మార్చారు. కెంగెష్, తర్వాత చుక్క, చుక్క తర్వాత జైలోవెట్. అంటే సబ్‌డొమైన్. చూడ్డానికి మాటలు అటూ ఇటూ అయ్యాయంతే. సెర్చ్ ఇంజన్ లెక్కలో మాత్రం కొత్తగా పుట్టిన వేరే సైటు అయిపోయింది. పదేళ్ళుగా జైలోవెట్‌కి వచ్చిన పేరు గీత తర్వాత ఉన్న పేజీకి అందుతుంది. చుక్కకు ముందున్న పేజీకి అందుతుందో లేదో దేవుడికెరుక.”

“తప్పు,” అన్నాడు వదీమ్, కుర్చీ వెనక్కి వాల్చి. “సెర్చ్ ఇంజన్ వాళ్ళే ఎన్నిసార్లో చెప్పారు, చుక్కయినా గీతయినా మాకొకటే, మీకు ఏది వీలైతే అది పెట్టుకోండి అని. వాళ్ళకంటే నీకెక్కువ తెలుసా?”

“వాళ్ళు చెప్పేది లోకం సంగతి. మన గ్రాఫు చెప్పేది మన సంగతి. మార్చిన వారంలోనే కొండమీంచి రాయి దొర్లినట్టు దొర్లింది.”

“గ్రాఫు మాట్లాడదు సైకాల్. నువ్వు మాట్లాడిస్తున్నావు. అదే వారంలో చలి మొదలైంది, మందలు కిందికి దిగాయి, జనం పనుల్లో పడ్డారు. దానికేమంటావు?”

“ఇప్పుడు గొర్రెలు ఈనే కాలం. డాక్టరుతో పని పడేదే ఇప్పుడు. ఇప్పుడు కూడా ముప్ఫైమందే ఎందుకొస్తున్నారు? ఇవాళ పొద్దున అత్‌బాషీ నుంచి ఒకావిడ ఫోను చేసింది. ఆతా బతికున్నారా అని అడిగింది. పేజీ కనబడక పదకొండు పిల్లల్ని పోగొట్టుకుంది.”

తాలాయ్‌బెక్ గిన్నెవైపు చెయ్యి చాచి, ఏమీ తీసుకోకుండానే వెనక్కి తీసుకున్నాడు.

“నీకేం కావాలి?”

“మూడు వారాలు. గొర్రెపిల్లల జబ్బుల మీద ముప్ఫై పేజీలున్నాయి. వాటిలో కొన్నిటిని గీత కిందికి తెస్తాను. వదీమ్ ఒక పూట సాయం చేస్తే చాలు.”

“కనబడకపోతే?”

“అన్నిటినీ నేనే మూస్తాను. ఆతాకి చెప్పేది కూడా నేనే.”

“ధైర్యం బాగానే ఉంది,” అన్నాడు వదీమ్, సగం వెక్కిరింతగా, సగం మెచ్చుకోలుగా. “కానీ పేజీలు చీట్లు వేసి తియ్యి. నీకు నచ్చినవి ఏరుకుంటే ఒప్పుకోను.”

మర్నాడు సైకాల్ పని మొదలుపెట్టే ముందు దుకాణం పేజీలు ఒకసారి తిరగేసింది. సెలీనియం మందు పేజీలో బొమ్మ ఉంది, తూకం ఉంది, కొనుక్కునే బొత్తం ఉంది. బొత్తం కింద ఇదివరకు ‘ఎలా వాడాలి’ అని ఒక లింకు ఉండేది, నొక్కితే ఆతా రాసిన పేజీకి తీసుకెళ్ళేది. ఇప్పుడక్కడ తెల్లటి ఖాళీ. పురుగుల మందు చూసింది. ఖాళీ. గిట్టల మందు చూసింది. ఖాళీ. నూట నలభై మందుల్లో ఒక్కటీ కెంగెష్‌కి దారి చూపడం లేదు.

వదీమ్ బల్ల దగ్గరికి వెళ్ళింది. “ఆ లింకులేమయ్యాయి?”

“కొత్త డిజైన్‌లో పోయుంటాయి,” అన్నాడు తెరమీంచి కళ్ళు తిప్పకుండా. “ఎందుకు?”

ఎందుకో సైకాల్‌కి అప్పటికే తెలిసిపోయింది. నిన్న బోర్డు మీద అంత ధీమాగా రాసిన రెండు వరసలకి ఇప్పుడో చిల్లు పడింది. పేజీలు పడిపోయింది చుక్క వల్లనా, దారి చూపేవాళ్ళు లేకనా? రెండూ ఒకే వారంలో జరిగాయి. గీత కిందికి తెచ్చి, లింకులూ పెట్టేసి, చూశారా గీత గెలిచింది అంటే తనే గెలుస్తుంది. కానీ ఏది గెలిపించిందో ఎవరికీ తెలియదు, తనకి కూడా. తన బల్ల దగ్గరికి వచ్చి కాగితం మీద మూడు గళ్ళు గీసింది. పది పేజీలు గీత కిందికి, లింకులతో. పది చుక్క దగ్గరే, లింకులు మాత్రం పెట్టి. పది ఎక్కడివక్కడ.

చీట్లు రాసి, ఊలు టోపీలో వేసుకుని ఒమురాలీ ఆతా గదికి వెళ్ళింది. ఆయన గళ్ళకాగితం మీద పెన్సిలుతో రాసుకుంటున్నాడు. డెబ్భైరెండేళ్ళు, చలికీ మందులకీ వేళ్ళ చివర్లు పగిలి నల్లగీతలు పడ్డాయి. ఒక వాక్యం రాసి, కంచె అవతల కాపరి నిలబడి ఉన్నట్టు పైకి చదువుతాడు. తడుముకుంటే కొట్టేస్తాడు.

“మూడోది ఏమిటి తల్లీ, ఎక్కడివక్కడ అంటే?” అన్నాడు అంతా విన్నాక.

“ముట్టుకోను. తేడా తెలియాలిగా ఆతా, పోల్చుకోడానికి.”

“అంటే ఆ పదీ ఇంకో మూడు వారాలు ఎవడికీ కనబడవు.”

“...కనబడవు.”

ఆయన టోపీ తన ముందుకి లాక్కుని చీట్లన్నీ బల్లమీద బోర్లించాడు. ఒక్కొక్కటే విప్పి, కళ్ళజోడు కిందనుంచి చూసి రెండు కుప్పలుగా వెయ్యడం మొదలెట్టాడు. సైకాల్ ఆపబోయింది. “చీట్లు తియ్యాలి ఆతా, లేకపోతే వదీమ్ ఒప్పుకోడు.”

“వదీమ్ ఎప్పుడైనా ఈనే గొర్రె పక్కన కూచున్నాడా? చచ్చే పిల్ల నీ లెక్క కోసం ఆగదమ్మాయ్. కళ్ళ పుసి ఆగుతుంది. తోక కోసిన పుండు ఆగుతుంది. ఊలు రాలడం వేసవి దాకా ఆగుతుంది.” ఆగేవి పది ఏరి ఆమె వైపు తోశాడు. “నీ ఎక్కడివక్కడ ఇవి. మిగిలిన ఇరవైతో నీ ఇష్టం, చీట్లు వేసుకో, పాచికలు వేసుకో.”

లెక్క చెడిపోయిందని సైకాల్‌కి తెలుసు. ఆయన పగిలిన వేళ్ళకేసి చూసి, ఆ పదింటినీ పక్కకి పెట్టింది. మిగిలిన ఇరవై చీట్లనీ టోపీలో వేసి ఊపింది. ‘గొర్రెపిల్ల లేవకపోతే’ చుక్క వైపు పడింది. మార్చేద్దామా అనిపించింది. మార్చలేదు.

బుధ, గురువారాలు తల ఎత్తలేదు. గీత కిందికి తెచ్చిన ప్రతి పేజీకీ పాత చిరునామా దగ్గర ఒక మళ్ళింపు పెట్టాలి. పాత లింకు నొక్కినవాడు కొత్తచోటికే చేరాలి, సెర్చ్ ఇంజనుకి కూడా ఇల్లు శాశ్వతంగా మారిందని తెలియాలి. పేజీల జాబితా కొత్తగా రాసి పంపాలి. చుక్క వైపుది వేరే సైటుగా విడిగా నమోదు చెయ్యాలి. నవంబరు నుంచి ఆ పని ఎవరూ చెయ్యనే లేదు. దుకాణంలో ఏ మందు కింద ఏ పేజీ లింకు పెట్టాలో ఆతాని అడిగి ఒక్కొక్కటే పెట్టింది. శుక్రవారం వదీమ్ తన పని తాను చేశాడు. గీత కింద పేజీ అడిగితే వెనకనుంచి వేరే సర్వరు తెచ్చి ఇచ్చే ఏర్పాటు అది. మధ్యాన్నం భోజనానికి కూడా లేవలేదు. గొణుక్కుంటూనే చేశాడు గానీ ఒక్క మళ్ళింపు తప్పితే దాన్ని తనే పట్టుకున్నాడు.

“మూడో కుప్ప ముసలాయన ఏరాడటగా?” అన్నాడు లేస్తూ.

“ఏరారు. రాసి పెట్టాను, దాచలేదు.”

“అయితే మూడోది లెక్కలోకి రాదు.”

“సగం వస్తుంది,” అంది సైకాల్.

మొదటి వారం ఏమీ కదల్లేదు. రోజూ పొద్దున వచ్చి బొత్తం నొక్కితే, మూడు కుప్పలకీ వచ్చినవాళ్ళు నాలుగు, మూడు, అయిదు, అవే అంకెలు. తాలాయ్‌బెక్ అడగలేదు, కానీ దాటి వెళ్ళినప్పుడల్లా ఆమె తెరకేసి చూసి వెళ్ళేవాడు. ఒకరోజు ఒమురాలీ ఆతా వచ్చి పక్కన కూచుని, “చూలు గొర్రెని గంటకోసారి నొక్కి చూస్తే తొందరగా ఈనదు తల్లీ,” అని, ఇంటినుంచి తెచ్చిన బోర్సోక్ రొట్టెముక్కలు ఆమె ముందు పెట్టి వెళ్ళిపోయాడు. మూసేస్తారన్న సంగతి ఆయనకి తెలుసని ఆమెకి అప్పుడు అర్థమైంది. తెలిసీ అడగలేదు. కొత్త పేజీ రాసుకుంటున్నాడు.

తొమ్మిదో రోజున గీత కిందివి పదకొండుకి లేచాయి. పదమూడో రోజున ఇరవైఆరు. సైకాల్ పిడికిలి బిగించి బల్లమీద మెల్లిగా ఒక గుద్దు గుద్దింది. అప్పుడే రెండో గడి చూసింది. చుక్క దగ్గరే ఉండి లింకులు మాత్రం తగిలించుకున్న పది పేజీలూ పందొమ్మిదికి చేరాయి.

పండగ ముందురోజు పొద్దున ఆమె కాగితం మీద మూడు అంకెలు ఉన్నాయి. ఎక్కడివక్కడ, రోజుకి అయిదు. చుక్క దగ్గర లింకులతో, ముప్ఫైఒకటి. గీత కింద లింకులతో, నలభైఏడు. ఆమె ఆ కాగితాన్ని చాలాసేపు చూసింది. మధ్య వరస తీసేస్తే అయిదు, నలభైఏడు. బైకే అంకెల్లోకి దిగే మనిషి కాదు. గీత గెలిచిందంటే చాలు, చెయ్యి ఊపి కానిమ్మంటాడు. మధ్య వరస ఉంటే వదీమ్ లేచి, చూశారా, చుక్కతో కూడా నడుస్తోంది, లింకులు చాలు, ఉన్నచోటే ఉండనీ అంటాడు. ఇవాళ ఉండనిచ్చినా, ఇంకో నవంబరులో ఇంకో కొత్త డిజైనొస్తుంది, లింకులు మళ్ళీ పోతాయి.

కాగితాన్ని అలాగే మూడు వరసలతో అచ్చు తీసి, గదిలోకి తీసుకెళ్ళి బల్ల మధ్యలో పెట్టింది. ఈసారి ఒమురాలీ ఆతాని కూడా వెంటబెట్టుకొచ్చింది. ఆయన గుమ్మం పక్క కుర్చీలో, టోపీ మోకాలి మీద పెట్టుకుని కూచున్నాడు.

తాలాయ్‌బెక్ చదివి తల ఎత్తాడు. “అంటే ఎవరిది నిజం? నీదా, వదీమ్‌దా?”

“ఇద్దరిదీ సగం సగం బైకే. పేజీల్ని పడగొట్టింది చుక్క ఒక్కటే అన్నాను. తప్పు. పెద్ద దెబ్బ లింకులు పోవడం. దుకాణంలోంచి దారి లేదు గనక అవి అనాథల్లా ఉండిపోయాయి. దారి పెడితే చుక్క దగ్గరున్నవి కూడా లేచాయి. గీత కిందివి ఇంకాస్త ఎక్కువ లేచాయి. ఆ తేడా చుక్క వల్లో, పది పేజీల్లో వచ్చే అదృష్టం వల్లో నేను ఒట్టేసి చెప్పలేను. ఎక్కడివక్కడ అన్నవి ఆతా ఏరినవి, తొందర లేని జబ్బులు. అదీ గుర్తుంచుకోండి.”

తన మాటకి తనే అడ్డం చెప్పుకునే మనిషిని తాలాయ్‌బెక్ ఆ గదిలో అంతకుముందు చూసినట్టు లేదు. వదీమ్‌కేసి తిరిగాడు. “నువ్వేమంటావు?”

వదీమ్ కాగితం ముందుకి లాక్కుని, మధ్య వరస మీద వేలు పెట్టాడు. సైకాల్ చెప్పదలుచుకున్న జవాబు మనసులోనే కూడదీసుకుంటోంది.

“లింకులు తీసింది నేనే,” అన్నాడు.

అందరూ అతనికేసి చూశారు.

“డిజైన్‌లో పోలేదు. మందు పేజీ కింద ఆ వరస అందంగా లేదని నేనే తీసేశాను. కిర్గిజ్ నాకు సరిగ్గా రాదు, ఆ లింకు ఎవరికి పనికొస్తుందో అడగలేదు. మొన్న ఆమె అడిగినప్పుడు కూడా చెప్పలేదు.” అతని చెవులు ఎర్రబడ్డాయి. కాగితాన్ని బల్ల మధ్యలోకి తోశాడు. “చుక్కయినా గీతయినా ఒకటే అని వాళ్ళన్నది అబద్ధం కాదు. కానీ చుక్కకు ముందున్నదాన్ని వేరే సైటులా ఒకరు కూచుని చూసుకోవాలి, నమోదు చెయ్యాలి, దారులు వెయ్యాలి. మన దగ్గర ఆ మనిషి లేడు. నేనైతే మళ్ళీ మర్చిపోతాను, ఇప్పుడే చెబుతున్నా. గీత కింద ఉంటే నేను మర్చిపోవడం కుదరదు, దుకాణం కదిలితే అవీ కదులుతాయి. అన్నిటినీ గీత కిందికి తెచ్చేద్దాం. పండగ అవ్వగానే చేస్తాను.” తర్వాత గుమ్మం వైపు చూసి, రష్యన్ పద్ధతిలో తండ్రి పేరు కూడా కలిపి మర్యాదగా అన్నాడు, “ఒమురాలీ సతారొవిచ్, క్షమించండి.”

ఒమురాలీ ఆతా చెవి దగ్గర చెయ్యి పెట్టుకుని సైకాల్‌ని అడిగాడు, “ఏమంటాడు?”

“పేజీలు మూయరుట ఆతా.”

“అది సరే. పుసికళ్ళ పేజీ ఎప్పుడు కనబడుతుంది?”

తాలాయ్‌బెక్ రెండు ఉండలు నోట్లో వేసుకున్నాడు.

నూరూజ్ వెళ్ళాక రెండువందల పద్నాలుగు పేజీలూ గీత కిందికి చేరడానికి అయిదు రోజులు పట్టింది. ఏప్రిల్ రెండోవారానికి రోజుకి ఆరువందలు దాటింది. తొమ్మిదివందలు ఇంకా కాలేదు; అవుతుందని సైకాల్ ఎవరికీ మాట ఇవ్వలేదు, అవుతుందన్న నమ్మకం మాత్రం ఆమె నడకలోనే ఉంది.

ఒక మంగళవారం మధ్యాన్నం కోచ్‌కోర్ నుంచి ఒకతను ఫోను చేశాడు. ఆడగుర్రానికి కడుపునొప్పి, మందు కావాలి. సైకాల్ ఫోను ఒమురాలీ ఆతాకిచ్చి, పెద్దగా వినబడే బొత్తం నొక్కింది.

“పొర్లుతోందా?” అన్నాడు ఆతా.

“పొర్లబోతోంది, ఆపుతున్నాను. మీరు నిజంగా డాక్టరేనా?”

“అందరూ అలాగే అంటారు.”

“ఏమనుకోకండి ఆక్సకాల్, పెద్దవారు. ఫోనులో ఎవడు పడితే వాడు డాక్టరే ఈ రోజుల్లో. నా దగ్గర ఒక పేజీ ఉంది, చాలా తెలిసినవాడు రాశాడు. మీరు చెప్పేది దీనితో సరిపోతుందో లేదో చూసుకుంటాను. చెప్పండి, ముందు ఏం చెయ్యాలి?”

సైకాల్ నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుంది. ఆతా ఆమెకేసి చూడకుండా, కుర్చీలో నిటారుగా సర్దుకుని, పరీక్షకి కూచున్నవాడిలా జవాబు చెప్పాడు.

“మేత తీసెయ్యి. పొర్లనివ్వకు. మెల్లిగా నడిపించు. చెవి పొట్టకి ఆనించి విను, రెండువైపులా. చప్పుడు లేకపోతే ఆగకు, మీ ఊరి డాక్టరుని రప్పించు.”

అవతల కాగితం చదువుతున్నట్టు గొణుగుడు. “మేత... పొర్లనివ్వకు... నడిపించు... రెండువైపులా... ఆఁ. సరిపోయింది. మీరు డాక్టరే.”

“సంతోషం బాబూ.”

“ఒక్కటి మాత్రం ఇతను రాయలేదు. కాసేపు నడిపించమన్నాడు. కాసేపంటే ఎంత? నేను గంటనుంచి నడిపిస్తున్నాను, గుర్రం కంటే నేనే ముందు పడిపోయేట్టున్నాను.”

ఆతా మొహంలో నవ్వు ఆగిపోయింది. “గంటా? వద్దు, వద్దు. టీ నీళ్ళు కాగేంతసేపు చాలు. ఆపి, ఊపిరి తీసుకోనిచ్చి, మళ్ళీ అంతే. ఇప్పుడు ఆపు. పొట్ట విను. నేను ఫోను పట్టుకునే ఉంటాను.”

మందు పేరు చెప్పి, గుర్రం లద్దె వేసిందన్న కబురు విన్నాక గానీ ఆయన ఫోను పెట్టలేదు. ఆ పేజీ రాసింది తనేనని చెప్పలేదు. కళ్ళజోడు తీసి తుడుచుకుని, సైకాల్ తెరవైపు కుర్చీ జరిపాడు.

“గుర్రాల పేజీ తియ్యి తల్లీ. ‘కాసేపు’ అన్న మాట కొట్టెయ్యి. ఎంత చేతకాని మాట రాశాను!”

ఆమె పేజీ తెరిచి, ఆ మాట చెరిపి, చెప్పమన్నట్టు ఆయనకేసి చూసింది.